మూడంకె

ఏసీ పొద్దున్నే చచ్చింది. పదకొండు గంటలకల్లా హాలు ఇటుకబట్టీ అయింది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో టైర్ల గోదాము మీద వేసిన అంతస్తు అది. కిందనుంచి రబ్బరు సెగ, పైనుంచి జూన్ ఎండ. మనుషులు వాలిపోయినా కంప్యూటర్లు ఆగకూడదని మేనేజరు రాధాకృష్ణ కిటికీలు తెరిపించి, గోడవారగా ఉన్న బల్లల్ని కిటికీల దగ్గరకు జరిపించాడు. గాలి రాలేదు. ఇసుక వచ్చింది.

భూమేశ్ నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని కూర్చున్నాడు. మూడేళ్ళ కింద కట్టుబడి పనిలో నాలుగో అంతస్తు నుంచి పడ్డ నడుము అది. బరువెత్తలేదు, ఎక్కువసేపు నిలబడలేదు. కూర్చుని చేసే పని తప్ప ఏదీ చేయలేని మనిషిని ఈ దేశంలో ఎవరూ ఉంచుకోరు. కూలీల క్యాంపులో పడివున్న అతన్ని రాధాకృష్ణ తెచ్చి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. పని నేర్పించాడు. సూపర్‌వైజర్ని చేశాడు. అందుకని భూమేశ్ ఆయన మాటకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

హాల్లో ఎడమవైపు పాలస్తీనా పిల్లలు. కుడివైపు అల్ వర్సాన్ క్యాంపు నుంచి వ్యానులో వచ్చే తెలుగువాళ్ళు. ఖోర్ ఫక్కాన్ రేవు వైపు గోదాముల్లో ఏళ్ళ తరబడి చేత్తో రాసిన సరుకు కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించడం పని. ఒక్కో కాగితాన్నీ ఇద్దరు కొట్టాలి, ఒకరిది ఒకరికి తెలియకుండా. అరబ్బీ చదవగలిగిన పాలస్తీనా పిల్లలు పేర్లూ అంకెలూ కొడతారు. అవే అంకెలను తెలుగువాళ్ళు మళ్ళీ కొడతారు. రెండూ ఒకటైతే సరే. తేడా వస్తే ఆ కాగితం భూమేశ్ తెర మీదికి వస్తుంది. ఎవరిది ఒప్పో అతను నొక్కాలి. రెండోవాళ్ళ పేరు మీద తప్పు పడుతుంది. గోడమీది పెద్ద తెరపై అందరి పేర్లూ ఉంటాయి. ఆ రోజు తప్పులు తక్కువైతే పచ్చగా, కాస్త పెరిగితే పసుపుగా, ఇంకా పెరిగితే ఎర్రగా.

ఎడమవైపు పేర్లన్నీ ఎర్రగా ఉన్నాయి. ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

ఈ పిల్లలు ఇక్కడికి వచ్చింది ఉద్యోగానికి. పాలస్తీనా యువతకు కంప్యూటర్ విద్య, ఆపైన ఉద్యోగం అని బయట గుడ్డమీద రాసివుంది. విదేశాల్లోని ఓ సంఘం దానికి డబ్బిస్తుంది. మొదటి నెల టైపింగు, ఎక్సెల్, వెబ్‌పేజీ తయారుచేయడం నేర్పుతారు. మిగతా ఐదు నెలలూ ఈ కాగితాలే. దీని పేరు ప్రాక్టీసు. ప్రాక్టీసుకు జీతం ఉండదు. ఆరు నెలలయ్యాక ఆఖరి రోజున పేరు పచ్చగా ఉంటే ఉద్యోగం, వీసా. ఎర్రగా ఉంటే ఇంకో ఆరు నెలలు ప్రాక్టీసు. భూమేశ్ వచ్చాక మూడు బ్యాచులు వెళ్ళాయి. ఒక్క పేరూ పచ్చబడలేదు.

ఈ బ్యాచుకు ఇవాళే ఆఖరు. సాయంత్రం నాలుగింటికి ఆ సంఘంవాళ్ళు చూడటానికి వస్తున్నారు.

బల్లలు జరపడంతో వాయిల్ అనే కుర్రాడి కుర్చీ భూమేశ్ పక్కకు వచ్చింది. ఇరవయ్యేళ్ళుంటాయి. షార్జా ఆసుపత్రిలోనే పుట్టాడు, షార్జా బడిలోనే చదివాడు. కానీ ఈ దేశం వాడు కాడు. తాత గాజానుంచి, అది ఈజిప్టు ఏలుబడిలో ఉన్న రోజుల్లో వచ్చాడు కనక చేతిలో ఈజిప్టు ఇచ్చిన ప్రయాణపు పుస్తకం ఉంది. దాన్ని పట్టుకుని ఈజిప్టుకే వెళ్ళలేడు. తండ్రి బడి బస్సు డ్రైవరు. అరవై నిండాయి కనక, పని చేసుకోనిచ్చే ఆయన లేబర్ కార్డు ఈ నెలతో ఆఖరు. ఆ కార్డుతోపాటు తల్లి వీసా, వాయిల్ వీసా కూడా పోతాయి. ఈలోగా వాయిల్‌కు ఉద్యోగం వస్తే ముగ్గురూ నిలబడతారు.

ప్రాక్టీసు చేసేవాళ్ళు భూమేశ్ తెర చూడకూడదు. పక్కనే కూర్చున్న వాయిల్ చూశాడు. తన పేరు మీద వరసగా మూడు తప్పులు పడ్డాక లేచాడు.

"భూమేశ్ భాయ్, ఏక్ మినిట్. ఆప్ కాగజ్ దేఖా క్యా?"

కూర్చోమని భూమేశ్ కసిరాడు. కాగితం అతను చూడలేదు. చూడడు. చేరిన కొత్తలోనే కుడివైపు బల్లల్లో కూర్చునే, వరసకు మామ అయ్యే భోజన్న చెప్పాడు: తేడా వస్తే మనోళ్ళది నొక్కు, పంచాయితీ వద్దు. అప్పటినుంచి భూమేశ్ వేలు కుడివైపు మీటకే పోతుంది. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. మనవాళ్ళకు మనవాళ్ళు చేసుకునే సాయం, అంతే.

వాయిల్ కూర్చోలేదు. చెయ్యి చాచి తనే ఆ కాగితం తెరిచాడు. ఎవరో గుమాస్తా సరుకుల పక్కన వరస నంబర్లు వేసుకున్నాడు, ఒకటి నుంచి ఐదు దాకా. వాయిల్ మూడో వరసమీద వేలు పెట్టాడు.

"యే క్యా హై?"

"దో," అన్నాడు భూమేశ్.

"తో ఉస్‌కే ఊపర్‌వాలా?"

పైదాన్ని చూశాడు భూమేశ్. దాని పైన ఒకటి ఉంది. కింద నాలుగు, ఐదు ఉన్నాయి. మధ్యలో రెండు, మూడే ఉండాలి. అతను రెండు అన్నది మూడో చోట ఉంది.

అరబ్బీ అంకెలు భూమేశ్ బడిలో నేర్చుకున్నవి కావు. కార్ల నంబరు పలకల మీద, నోట్ల మీద చూసి నేర్చుకున్నవి. క్యాంపులో అందరూ అంతే. అచ్చులో రెండుకు ఒక పన్ను, మూడుకు రెండు పళ్ళు. కానీ చేత్తో గబగబా రాసేటప్పుడు ఇక్కడివాళ్ళు మూడుకు ఒక్క పన్నే పెడతారు. రెండుకు అసలు పెట్టరు, ఉత్త వంకర గీత గీస్తారు. తెలుగువాళ్ళు రెండింటినీ రెండుగానే కొడుతున్నారు. వచ్చిన ప్రతి మూడూ రెండైంది. దాన్ని మూడు అని సరిగా కొట్టిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తప్పయ్యారు.

భూమేశ్ ఆ కాగితం మూసేశాడు. ఇంకో కాగితం తెరిచాడు. ఇంకోటి. అన్నీ అంతే. వాయిల్ పక్కనే నిలబడి ఉన్నాడు. వాడి ముఖంలో గెలిచిన సంతోషం లేదు. ఉమ్ముదామా వద్దా అని చూసేవాడి ముఖం అది.

భూమేశ్ లేచి రాధాకృష్ణ గదికి వెళ్ళాడు. అక్కడ కిటికీకి విడిగా ఇంకో ఏసీ ఉంది. అది బాగానే పనిచేస్తోంది. రాధాకృష్ణ అద్దం ముందు టై కట్టుకుంటున్నాడు. మనిషి ఏలూరువాడు, మెత్తగా మాట్లాడతాడు. భూమేశ్ ఒక్కో ముక్కా చెప్పుకొచ్చాడు. రాధాకృష్ణ టై ముడి సరిచేసుకుంటూ విన్నాడు.

"కూర్చోవయ్యా. నడుం ఎలా ఉంది?"

"సార్, నేను జెప్పేది..."

"విన్నాను. మొదటి బ్యాచ్‌లోనే ఓ పిల్ల చెప్పింది ఆ సంగతి."

భూమేశ్ కూర్చోలేదు. "ఎరికుండి గూడ సప్పుడు జెయ్యలేదా సార్?"

రాధాకృష్ణకు కోపం రాలేదు. పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఆ సంఘంవాళ్ళు నేర్పడానికి డబ్బిస్తున్నారు. అందరూ నేర్చేసుకున్నారని చెబితే ఎందుకిస్తారు? గోదాములవాళ్ళు పని జరిగినందుకు డబ్బిస్తున్నారు. జీతాలిచ్చి చేయిస్తే ఏం మిగులుతుంది? అక్కడ రెండుకీ మూడుకీ తేడా వస్తే కొంపలేం మునగవు, ఆ సరుకు ఎప్పుడో అమ్ముడుపోయింది. ఇదంతా చెప్పి, అద్దంలోంచే భూమేశ్ వైపు చూశాడు.

"తప్పు మనోళ్ళదని తేలిందనుకో, రేపట్నించి అల్ వర్సాన్‌కి వ్యాను పంపను. యాభై దాటిన భోజన్న మళ్ళీ కాంక్రీటు మోస్తాడా? నువ్వు మోస్తావా? వాళ్ళు అరబ్బులయ్యా. వాళ్ళూ వాళ్ళూ ఎలాగో సర్దుకుంటారు. మనకెవరున్నారు ఇక్కడ? మనోళ్ళని మనమే చూసుకోవాలి."

"ఆ పోరని నాయిన కార్డు ఈ నెలతోటి అయిపోతది సార్. ఏడికి పోతరు వాళ్ళు?"

"అది మన డిపార్ట్‌మెంట్ కాదు," అన్నాడు రాధాకృష్ణ. "నాలుగింటికి వాళ్ళ ఎదురుగా బ్యాచ్ క్లోజ్ చెయ్. ఎరుపు కనబడాలి. పిల్లలు కష్టపడుతున్నారు, ఇంకో ఆర్నెల్లు కావాలి అని నేను చెబుతాను. నువ్వు నవ్వుతూ నిలబడు, చాలు."

అన్నాల వేళ మెట్లమీద కూర్చుని భూమేశ్ సంగతంతా భోజన్నకు చెప్పాడు. భోజన్న ముద్ద కలుపుతూ విన్నాడు, పిడికెడు అన్నం గిన్నెలోకి తిరిగి వదిలేశాడు.

"అయితే ఏంజేస్తవు?"

"ఎరుకైతలేదు మామా."

"ఎరుకైతలేదా? నువ్వు మీదికెళ్ళి పడ్డనాడు నిన్ను భుజమ్మీద ఏసుకొని దవఖానకు ఉరికింది ఎవలురా? ఆ అరబ్బు పోరడా?" భోజన్న గొంతు లేవలేదు. అదే ఇంకా అధ్వానంగా ఉంది. "మంచోనివి అనిపించుకుంటానికి నా కడుపుల తన్నకు. గా పుణ్యమేందో ఊరికి పోయినంక జేస్కో."

ఈ మాటకు మెట్లమీద తింటున్న తెలుగువాళ్ళంతా నవ్వారు. ఒకడు, సూపర్‌వైజర్ సాబుకు నడుమే కాదు బుర్ర కూడా జారిందన్నాడు. అందులో ఒక్కడికీ ఆ మూడంకె ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించలేదు. తెలిస్తే బాధ, తెలియకపోతే కూడు. భూమేశ్ వాళ్ళను తప్పు పట్టలేకపోయాడు. ఇన్నాళ్ళూ తనూ కూడే తిన్నాడు.

తిరిగి లోపలికి వస్తుంటే తలుపు దగ్గర వాయిల్ ఎదురుపడ్డాడు. ఏమన్నారని అడగలేదు. భూమేశ్ ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. భూమేశ్ తన నడుము చూపించి, ఉద్యోగం తీసేస్తారని ఏదో నసిగాడు. వాయిల్ చివరిదాకా విన్నాడు.

"ఆప్‌కో నికాలేగా తో ఆప్ అప్నా గావ్ జాయేగా," అన్నాడు. "మేరేకో నికాలేగా తో మై కిధర్ జాయేగా? బోలో."

నిన్ను వెళ్ళగొడితే మీ ఊరికి పోతావు, నన్ను వెళ్ళగొడితే ఎక్కడికి పోను? తిట్టినట్టు కాదు, దారి అడిగినట్టు అడిగాడు. భూమేశ్‌కు తన ఊరు గుర్తొచ్చింది. నిర్మల్ దగ్గర రాళ్ళ నేల, తల్లి అంజవ్వ, వానకు కారే రేకుల కొట్టం. దాన్ని తలుచుకుని అతను ఎన్నడూ మురిసింది లేదు. దాన్నుంచి పారిపోవడానికే కదా విమానం ఎక్కాడు. ఆ కొట్టం కూడా ఒక ఆస్తేనని, అది లేనివాళ్ళు కూడా ఉంటారని ఇప్పుడు తెలిసింది.

నాలుగింటికి వాళ్ళు వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, నెరిసిన జుట్టుతో ఒకామె. చేతుల్లో చల్లటి నీళ్ళ సీసాలు. పిల్లలకు అప్పటికే తెల్లటి టీషర్టులు తొడిగించారు. అవి చెమటకు ఒంటికి అతుక్కున్నాయి. రాధాకృష్ణ ఇంగ్లిషులో చక్కగా మాట్లాడాడు. భూమేశ్‌ను లేపి నిలబెట్టి, ఈయన కూలీగా వచ్చినవాడు, ఇవాళ సూపర్‌వైజరు, చదువు మనిషిని ఎక్కడికి తీసుకెళుతుందో చూడండి అన్నాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. నెరిసిన జుట్టామె భూమేశ్ చెయ్యి పట్టుకుని ఊపింది. తిరునాళ్ళలో బట్టలు తొడిగిన కోతిలా నిలబడ్డాడు భూమేశ్.

"యల్లా భూమేశ్, క్లోజ్ ది బ్యాచ్," అన్నాడు రాధాకృష్ణ.

భూమేశ్ కూర్చున్నాడు. బ్యాచ్ మూసే మీట మీదికి వేలు పోలేదు. ఇవాళ పరిష్కరించిన తేడాలన్నిటినీ వెనక్కి పిలిచాడు. మొదటి కాగితం తెరిచాడు. అందరికీ కనిపించేంత పెద్దది చేశాడు. ఒక్క పన్ను ఉన్న అంకె. ఎడమవైపు మీట నొక్కాడు. తరవాతిది తెరిచాడు. మళ్ళీ ఎడమవైపు.

పెద్ద తెరమీద కుడివైపు ఒక పేరు కదిలింది. పచ్చది పసుపైంది. అది భోజన్న పేరు.

హాల్లో టైపు చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. నాలుగోదో ఐదోదో నొక్కేసరికి వాయిల్ పేరు ఎరుపులోంచి బయటపడింది. పనిలో ఇదో భాగమనుకుని సంఘంవాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు. పిల్లల్లో ఒక్కరూ కొట్టలేదు. వాయిల్ బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

రాధాకృష్ణ నవ్వుతూనే వచ్చి భూమేశ్ భుజమ్మీద చెయ్యి వేశాడు. వేళ్ళు ఎముక దాకా దిగాయి. వంగి, చెవి దగ్గర తెలుగులో అన్నాడు: "ఆపు. వాళ్ళు మెట్లు దిగేలోగా నీ వీసా ఖలాస్. టిక్కెట్టు కూడా ఇవ్వను."

భూమేశ్ తెరమీంచి చూపు తిప్పలేదు.

"పంపుండ్రి సార్. నాకు ఊరున్నది."

అతని వెనక, కుడివైపు, ఎవరిదో కుర్చీ నేలమీద గట్టిగా గీరుకుంది. భోజన్న లేచాడని తిరిగి చూడకుండానే తెలిసింది. ఆ అడుగులు తలుపు వైపు పోతాయో తనవైపు వస్తాయో తెలియలేదు.

తెరమీద తరవాతి తేడా వచ్చి నిలబడింది. ఒకవైపు భోజన్న. ఇంకోవైపు ఎవరో పిల్ల. ఆరు నెలలు ఆమెకు తప్పులు వేశాడు గానీ పేరు ఎలా పలకాలో ఎన్నడూ అడగలేదు.

భూమేశ్ కాగితం తెరిచాడు.