ముల్లు నిజం చెప్పిన పూట

వ్యాను డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మళ్లీ ఎర్రగీత మీదికి ఎక్కింది. యెహెజ్కేలు దాన్ని వేలితో టకటకా కొట్టాడు. కదల్లేదు.

"ఇంజను వేడెక్కిందా తమ్ముడూ?" అంది పక్క సీట్లో బేబి.

"వారం నించీ దీనికిదే పనక్కా. వైరెక్కడో బాడీకి తగులుతుంది. నువ్వు కంగారు పడకు."

కంగారు పడక ఏం చేస్తుంది పాపం. వెనక అట్టపెట్టెల్లో, ఆక్సిజన్ నింపిన సంచుల్లో ఆమె రొయ్యపిల్లలున్నాయి. పొద్దున్నే ఉప్పాడ దగ్గర హేచరీలో ఎక్కించుకున్నవి. పోయినేడు తెల్లమచ్చ తెగులుతో చెరువు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఈ పిల్లలు కూడా చస్తే అప్పుల కింద పోయి ఆ చెరువు ఆమెకిక దక్కదు. పెట్టెల్లో వేసిన ఐసు మే నెల ఎండకు అప్పుడే నీరై కారిపోయింది.

ఇంకాస్త దూరం పోయేసరికి ఇంజను చప్పుడు మారింది. యెహెజ్కేలు బండి ఆపి బానెట్ ఎత్తాడు. తాళం తిప్పి ఉంచి, సెన్సర్ మీద వైరు పీకేశాడు. వైరు బాడీకి తగులుతుంటే పీకినా ముల్లు దిగదు.

"దిగిందా అక్కా?"

"దిగిపోయింది," అంది బేబి సంబరంగా.

అంటే ముల్లు చెప్పింది నిజమే. వైరు బాగానే ఉంది. కింద తడిమితే రేడియేటర్ పైపు చిట్లి ఉంది, నీళ్లన్నీ దారి పొడవునా కారిపోయాయి.

పైపుకి ట్యూబు ముక్క బిగించి చుట్టాడు. ఇక నీళ్లు కావాలి. బండిలో డబ్బా పెట్టుకునే అలవాటు అతనికి లేదు. ఆ డెల్టాలో ఏ డ్రైవరుకుంది గనక? రోడ్డు పక్కనే కాలువ, బకెట్‌కు తాడు కట్టి దించడమే. వేసవికి కాలువలకు నీళ్లు కట్టేసి పక్షం దాటిందన్న సంగతి, బకెట్ పట్టుకుని గట్టెక్కి నెర్రెలిచ్చిన బురద చూశాక గానీ అయ్యగారి బుర్రకెక్కలేదు. ఊరు చూస్తే పొలాలకు అవతల ఎక్కడో ఉంది.

"సంచులు వెచ్చబడ్డాయి. నువ్వు ఊళ్లోకెళ్లి వచ్చేదాకా ఇవి ఆగవు," అంది బేబి. కాసేపు పెట్టెల వంక చూసింది. "ఒక సంచి కోసెయ్."

"ఉప్పునీళ్లక్కా. ఇంజన్ని తినేస్తాయి."

"తర్వాత కడుక్కుందువు గానీ. అన్నీ పోయేకంటే ఒకటి పోనీ."

అతను కదలకపోతే కత్తి ఆమే తీసుకుంది. రేడియేటర్ మూతి మీద చీరకొంగు పరిచి సంచి వంచింది. వెంట్రుకల్లాంటి పిల్లలు కొంగులో మిగిలి ఎగిరెగిరి పడ్డాయి. ఆమె కొంగు ముడేసుకుని బండెక్కింది.

చెరువు చేరాక మోకాలి లోతుకు దిగి ముందుగా ఆ కొంగే ముంచింది. ఒక్కటీ కదల్లేదు. తర్వాత సంచుల్ని కాసేపు నీళ్లలో తేల్చి మూతులు విప్పింది. పిల్లలు విడివిడిగా ఈదుకుంటూ వెళ్లిపోయాయి.

అప్పుడు ఏడ్చింది బేబి. గట్టు మీద యెహెజ్కేలు రేడియేటర్‌లోని ఉప్పునీళ్లు వదిలేస్తూ, ఆమె వైపు చూడలేక, తల వంచుకునే ఉన్నాడు.