జాజు గోడ

తడి గోనెపట్టాల వాసన.

పట్టా అంచున ఒక చుక్క ఆగి, బరువెక్కి... కింది బకెట్లో టప్పున పడుతుంది. మళ్ళీ చుక్క. మళ్ళీ టప్పు.

మస్కట్‌కి దూరంగా, బహ్లా అనే పాత ఊళ్ళో, ఖర్జూరపు తోటల పక్కన, ఒక పాత మట్టి ఇల్లు. దాన్ని అతిథిగృహంగా మారుస్తున్నారు. అందులో మజ్లిస్ — వచ్చినవాళ్ళు తివాచీల మీద కింద కూర్చుని, గోడకు జారబడి కాఫీ తాగే పెద్ద గది. ఆ గదికి ఒక గోడ. ఆ గోడకు తడి గోనెపట్టాలు. ఆ పట్టాల ముందు, చెప్పులు విప్పి, మ్వాజుమా.

జాంజిబార్ పిల్ల. ఇరవయ్యారేళ్ళు. ఇళ్ళ లోపలి అందం దిద్దడం చదువుకుంది. దిద్దనిచ్చినవాళ్ళే ఇప్పటిదాకా లేరు.

మస్కట్‌కి వచ్చి రెండేళ్ళు. అజైబాలో కంపెనీ ఆఫీసు. కార్డు మీద డిజైనర్ అని ఉంది. చేతుల్లో మాత్రం ఎప్పుడూ పరదా గుడ్డల కట్టలే. ఒక విల్లా గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె మొహం చూసి, "పనివాళ్ళ తలుపు అటు" అన్నాడు. ఆమె అటే వెళ్ళింది. అలా వెళ్ళినందుకు వారం రోజులు తన మీద తనే మండిపడింది.

ఇప్పుడు ఈ గోడ దొరికింది.

ఒక్క గోడ.

సిమెంటు కాదు, జిప్సం కాదు. సున్నంలో ఎర్రమన్ను కలిపి, వరసగా చిన్న చిన్న గూళ్ళు తీసి, నునుపు రాయితో రుద్ది రుద్ది మెరిపించిన గోడ. అమ్మమ్మ ఇంట్లో ఇలాంటి గూళ్ళ గోడే ఉండేది. ఆ ఇల్లు పోయింది. గూళ్ళు మాత్రం ఆమె కళ్ళలో ఉండిపోయాయి.

ఇంటి పెద్దాయన గోడను ఒప్పుకుంటే వీసా పొడిగిస్తారు. ఒప్పుకోకపోతే విమానం ఎక్కిస్తారు. ఆ మాట మేనేజరు జావెద్ కోపంగా కూడా అనలేదు. టీ ఊదుకుంటూ అన్నాడు.

గోడ పూర్తయిన నాటికి వీసాకు మిగిలినవి ఇరవై రోజులు.

ఇరవై... అని లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేది. పంతొమ్మిది... అని లేచేది.

గోడ మేస్త్రి ఇస్తారి. జగిత్యాల దగ్గరి మనిషి, యాభైకి అటూ ఇటూ. గల్ఫులో పన్నెండేళ్ళు జిప్సం పూసిన చెయ్యి. ఇద్దరి మధ్యా నడిచేది సైట్ హిందీ. ఇస్తారికి మనసు కదిలితే మాత్రం తెలుగే వచ్చేస్తుంది, ఆమెకు అర్థమవుతుందా కాదా అని కూడా చూడడు. విచిత్రం, ఆమెకు అర్థమవుతుంది.

మొదటిరోజు ఆ ఎర్రమన్ను చేతిలో నలిపి, "గిది మా జాజు గదా మేడం" అన్నాడు. పండుగొస్తే వాళ్ళమ్మ అరుగులకు పూసేది అదేనట. కాదు, మా దీవుల్లో లవంగతోటల మన్ను అంది ఆమె. ఇద్దరూ పట్టు విడవలేదు. ఇద్దరూ నవ్వారు. రెండేళ్ళలో ఆమె సైట్‌లో నవ్వింది ఆ రోజే.

సున్నానికి తొందర పనికిరాదు.

తడిలో, నీడలో, మెల్లగా గాలి పీల్చుకుంటూ గట్టిపడాలి. మూడు వారాలైనా ఆగాలి. ఆమెకు తెలుసు. తెలిసి కూడా, పదో రోజుకే పెద్దాయనను రమ్మంది. గోడకు తడి కావాలి, వీసాకు తేదీ కావాలి. తేదీయే గెలిచింది.

"రోజుకు మూడుసార్లు తడుపు ఉస్తాద్" అని మాత్రం చెప్పింది.

ఎందుకో చెప్పలేదు.

ఇస్తారి తొమ్మిది రోజులు తడిపాడు. పొద్దున, మధ్యాహ్నం, పొద్దుగూకేవేళ. తొమ్మిదో రోజు సాయంత్రం అతనికి ఆమె మీద జాలేసింది. రేపు పెద్దోళ్ళు వస్తారు, గది ఉక్కగా ఉంటే ఎట్లా, గోడ తడిగా కనబడితే పిల్ల మాటపడదా... అనుకున్నాడు. జిప్సం గోడకు పన్నెండేళ్ళుగా ఏం చేస్తున్నాడో అదే చేశాడు. పట్టాలు విప్పి మడతపెట్టాడు. కిటికీలు మూసి, కొత్తగా బిగించిన ఏసీ నిండా పెట్టి, తెల్లవార్లూ ఉంచాడు.

ప్రేమతోనే చేశాడు. అదే దుఃఖం.

పొద్దున కంపెనీ బండి దిగి ఆమె లోపలికొచ్చింది. గది చల్లగా ఉంది. గోడ పొడిగా, నిండుగా, ఎర్రగా ఉంది. ఎంత బాగుందో! ఆ అందం ముందు ఆమె చదువంతా మరిచిపోయింది. ఒక్క వేలితో తాకి చూసినా సరిపోయేది. తాకలేదు.

"బాగుంది ఉస్తాద్" అంది.

అతని మొహం వెలిగిపోయింది.

పెద్దాయన వచ్చాడు. ఇద్దరు తమ్ముళ్ళు వచ్చారు. మల్లెపువ్వుల్లాంటి పొడుగు చొక్కాలు. సాంబ్రాణి పొగ. కాఫీ. ఖర్జూరాలు. ముగ్గురూ తివాచీ మీద కూర్చున్నారు, గూళ్ళను మెచ్చుకున్నారు, హాయిగా గోడకు జారబడ్డారు. పెద్దాయన చిన్నతనం జాంజిబార్‌లోనే గడిచిందట, ఆమెతో స్వాహిలీలో మాట్లాడాడు. రెండేళ్ళ తరవాత ఒక పెద్దమనిషి నోట తన భాష విని, ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది.

ముగ్గురూ లేచారు.

మూడు తెల్లటి వీపులు.

మూడు ఎర్రటి మరకలు.

గోడ గట్టిపడలేదు. పొడిబారింది. పై పొర మొత్తం పిండిలా బట్టలకు అంటుకుపోయింది. ముందుగా చూసింది మ్వాజుమాయే. చెప్పాలి. చెప్పలేకపోయింది. చిన్న తమ్ముడు అన్న వీపు చూసి పకపకా నవ్వాడు, ఆ తరవాత తన వీపు తడుముకున్నాడు, నవ్వు ఆగిపోయింది.

పెద్దాయన కూడా వీపు తడుముకుని, చాలాసేపు తన అరచేతి ఎరుపు చూసుకున్నాడు.

"వచ్చే శుక్రవారం వస్తాను. తెల్లబట్టలే వేసుకొస్తాను" అన్నాడు. తిట్టలేదు. ఆ మర్యాదను భరించడమే కష్టమైంది.

వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా జావెద్ చిరునవ్వు చెదరలేదు. ఆ తరవాత ఆమె వైపు తిరిగాడు.

"కౌన్ కర్యా? నామ్ బోలో." చేసినవాడి పేరు కావాలి అతనికి.

తేదీ ముందుకు జరిపింది నేను అనొచ్చు. ఎందుకు తడపాలో చెప్పనిది నేను అనొచ్చు. బాగుందని మెచ్చుకుంది కూడా నేనే... అనొచ్చు. గొంతు దాకా వచ్చాయి ఆ మాటలు. అక్కడే విమానం కనబడింది. గేటు కనబడింది. పనివాళ్ళ తలుపు కనబడింది.

"ఇస్తారి" అంది.

ఒక్క పేరు.

ఆ మధ్యాహ్నమే కంపెనీ బస్సు వచ్చింది. ఇస్తారిని మస్కట్‌లోని ఘాలాకు పంపేశారు, గోడౌన్‌లో సిమెంటు బస్తాలు మోసే డ్యూటీకి. తాపీ, రుద్దుడు రాయి గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. "నేనే ఆగం జేసిన మేడం... నీ గోడ ఆగం జేసిన" అన్నాడు. తప్పంతా తనదేనని అతను నిజంగానే నమ్ముతున్నాడు. ఆమె ఆ నమ్మకాన్ని చెదరగొట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

పది రోజులు... తొమ్మిది... ఎనిమిది...

మళ్ళీ పట్టాలు కట్టింది. మళ్ళీ తడిపింది. అరచెయ్యి ఆనిస్తే, ఎరుపు. తుడుచుకుని ఇంకోచోట ఆనిస్తే, ఎరుపు. కడుక్కున్న కొద్దీ గోళ్ళ సందుల్లో ఎరుపే.

మూడో రోజు ఘాలాకు ఫోన్ చేసింది. ఆమె పలకకముందే అతనన్నాడు —

"ఇంక రాలుతున్నదా?"

"రాలుతోంది ఉస్తాద్."

అవతల బస్తాలు పడుతున్న మోత వినబడింది. అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. తాత సున్నం పని చేస్తుండగా చిన్నప్పుడు చూశాడట. సున్నం నీళ్ళల్ల కలిపి ఒక రోజు కదిలియ్యకు. పైన తేట తేరుతది. గా తేట ఒక్కటే తీసుకో. గోడకు కొట్టు, ఆరనీయకుంట మళ్ళ కొట్టు. "ఒక్కపారే తాగియ్యకు మేడం. కొంచెం కొంచెం. చంటిపిల్లకు పట్టినట్టు."

"ఉస్తాద్, నేను జావెద్‌కి..."

"తిన్నవా?" అన్నాడతను.

ఆమె ఫోన్ పెట్టేసి గోడ ముందు కూర్చుని ఏడ్చింది. తినలేదు.

గోడ నిలబడితే జావెద్‌కి నిజం చెప్తాను. నిలబడితే చెప్తాను. తేట కొడుతూ అదే మాట. నాలుగో రోజు, అయిదో రోజు, అదే మాట. నిలబడకపోతే? ఆ ప్రశ్న దగ్గర చెయ్యి ఆగేది. గోడ నిలబడితేనే నిజం చెప్పే మనిషిని తనేనా... అని అసహ్యం వేసేది. మళ్ళీ తేట ముంచేది. మళ్ళీ కొట్టేది.

శుక్రవారం.

వీసాకు మూడు రోజులు.

గది ఉక్కగా ఉంది. కిటికీలు తెరిచే ఉన్నాయి. ఖర్జూరపు తోటల మీదుగా నమాజు ముగిసిన జనం మాటలు వస్తున్నాయి. ఆమె గోనెపట్టాలు ఒక పక్కకు జరిపి, ఇనుప కడ్డీకి వేలాడేసింది. కింద బకెట్ పెట్టింది. గోడ నిలబడి ఉంది — ఎర్రగా, మౌనంగా, గూళ్ళు గూళ్ళుగా. చేత్తో తాకుదామనుకుంది. చేతుల్ని నమ్మలేకపోయింది. వారం నుంచి అవి ఎరుపే.

సంచిలోంచి తెల్ల చొక్కా తీసి వేసుకుంది. కాలేజీ వదిలిన రోజున వేసుకున్న చొక్కా.

తివాచీ మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. వెనక్కి జారబడింది.

గోడ చల్లగా తగిలింది. మూడువంతుల బరువే ఆనించింది ముందు. తరవాత మొత్తం. ఇస్తారి పేరు పలికిన గొంతును కూడా, వెనక్కి వాల్చి, ఆ గోడకే ఆనించింది.

బయట కారు ఆగింది. తలుపు మూసుకున్న చప్పుడు. ఇంకో తలుపు. చెప్పులు విప్పుతున్న చప్పుడు.

లేవాలి. లేచి వీపు చూసుకోవాలి. లేస్తే తెలిసిపోతుంది.

తడి గోనెపట్టాల వాసన.

పట్టా అంచున ఒక చుక్క ఆగి, బరువెక్కి...

ఆమె ఇంకా లేవలేదు.