రఘుపతి సేటు నాటకాల హాలు

ధాన్యం వ్యాపారి రఘుపతి నల్గొండలో రేకుల కప్పుతో నాటకాల హాలు కట్టించినప్పటి నుంచీ అందులో రాణి వేషాలు నర్సింగమ్మవే. ఆమె భర్త ఐలేశం హార్మోనియం వాయించేవాడు. ఇద్దరూ మక్తల్ నుంచి వచ్చి, హాలు వెనక గదిలో కాపురం పెట్టారు.

1958 వేసవిలో ఒక సాయంత్రం ఆట. నర్సింగమ్మ పద్యం మధ్యలో ఉండగా హార్మోనియం ఆగిపోయింది. ఆమె తిరిగి చూసింది. ఐలేశం గోడకు ఆనుకుని, నువ్వు కానియ్యి అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె పద్యం ముగించింది. జనం "వన్స్ మోర్" అని అరిచారు. మళ్లీ పాడింది. ఈసారి తిరిగేసరికి అతని కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

తబలా వాయించే ఎల్లయ్య, ఇంకొందరు కలిసి దవాఖానకు మోసుకుపోయారు. ప్రాణం అప్పటికే పోయింది. ముఖాన రంగుతోనే నర్సింగమ్మ వరండాలో కూర్చుంది.

"జర ఏడువు వదినె. లోపల పెట్టుకోకు," అన్నాడు ఎల్లయ్య.

"వస్తలేదయ్యా," అంది ఆమె.

దినాలు కాగానే మళ్లీ వేషం కట్టింది. గొంతు చెడలేదు. కానీ ఎవరో పాడుతుంటే తాను వింటున్నట్టుండేది. చప్పట్లు కొట్టినా, కొట్టకపోయినా ఒకటే.

జనం సినిమాలకు మళ్లారు. కొన్నేళ్లకు రఘుపతి ఆమెను పిలిచాడు.

"నర్సింగమ్మా, ఇగ నాటకాలు నడవయి. సినిమా తెర కట్టిస్తున్న. ఆడోళ్ల గేటు కాడ కొలువిస్త, ఉంటవా?"

"ఉంట సేటూ."

"నీకు బాధయితలేదా?"

"ఏమో, తెలుస్తలేదు."

స్టేజీ పలకలు ఊడదీసిన రోజు ఎల్లయ్య తన ఊరు కట్టంగూర్ నుంచి వచ్చి, మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. నర్సింగమ్మ అతనికి మంచినీళ్లు తెచ్చిచ్చి, చీపురు పట్టుకుని లోపలికి పోయింది.

ఒక వానాకాలం మధ్యాహ్నం, ఆట నడుస్తుండగా ఒక పడుచు తల్లి గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డతో బయటికి వచ్చింది. నర్సింగమ్మ చేతులు చాచి బిడ్డను అందుకుంది. భుజాన వేసుకుని ఏదో కూనిరాగం తీసింది. బిడ్డ వెచ్చగా మెడకు కరుచుకుని నిద్రపోయింది. నర్సింగమ్మ గోడ పట్టుకుని కింద కూర్చుంది.

"ఏమైందమ్మా? ఇటియ్యి బిడ్డను," అంది తల్లి కంగారుగా.

"ఏం కాలే. నువ్వు పోయి సినిమా చూడు బిడ్డా. జరసేపు నా తాన్నే ఉండనియ్యి."