మేలా తెచ్చిన శనగల కుండ

అస్సుంత మొగుడు అగాత్సియోని చెస్ట్‌నట్ తోపులో గొడ్డలితో నరికింది పక్కింటి కోసిమో. మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోది మెడ మీద. తగవంతా ఒక మేక కోసం. ఆ మేక సాయంత్రానికి దానంతట అదే దొడ్లోకి వచ్చి నిలబడింది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. పాతిపెట్టాక మూడు రోజులు ఇరుగుపొరుగు వాళ్ళే వండి తెచ్చి, కసిరో బతిమాలో తినిపిస్తారు. ఎవరి కుండలోది తింటే ఆ ఇంటి మీద ఇక చెయ్యెత్తకూడదు. ఇంటి పెద్ద తింటే ఇల్లంతా తిన్నట్టే. ఆ కట్టు తప్పినవాడు చస్తే పాడె మొయ్యడానికి నలుగురు దొరకరు.

ఇప్పుడు ఇంటి పెద్ద అస్సుంతే. మొగుడు పోయాడన్న ఏడుపు ఆమెకి ఇంకా సరిగ్గా రానేలేదు. ఆమె ప్రాణమంతా ఉన్న ఒక్క కొడుకు వీతో మీదే ఉంది. వాడు మూల కూర్చుని తండ్రి తుపాకీని నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. పోలీసులు లోయంతా గాలిస్తున్నారు గాని, కోసిమో పైన బొగ్గుబట్టీల దగ్గర దాక్కున్నాడని ఊళ్ళో అందరికీ తెలుసు. చావు భోజనాలు ముగిసేదాకా కొడుకు గడప దాటకూడదు. ఈ మధ్యాహ్నంతో అవి ముగుస్తాయి. వెళితే వీడు చంపుతాడు, లేదా చస్తాడు. ఏదైనా తనకి మిగలడు. అస్సుంత బతిమాలింది, కాళ్ళు పట్టుకుంది. నాన్న రక్తం ఇంకా ఆరలేదని చెప్పి వాడు మళ్ళీ తుపాకీ తుడుచుకున్నాడు.

అప్పుడు గుమ్మంలో ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. కోసిమో తల్లి మేలా, నెత్తిన కుండతో లోపలికి వచ్చింది. చేత్తో కోసిన వెడల్పాటి పిండి పట్టీలు, శనగలు, వెల్లుల్లి, ఆలివ్ నూనెలో మాడిన ఎండుమిరపకాయలు. ఆ ఘాటుకి ఎవరో దగ్గారు.

"కొడుకు నరికాడు, తల్లి వడ్డిస్తుందిట. చక్కగా పంచుకున్నారు పనులు," అంది ముసలి తెరేజా.

మేలా కుండ దించింది. "వదినా, తిట్టు, కొట్టు. ఒక్క ముద్ద తిను. నాకూ ఉన్నది ఒక్కడే."

ఆ కుండ ఎత్తి మేలా నెత్తిన బోర్లించాలనిపించింది అస్సుంతకి. చేతులు ముందుకు పోయాయి కూడా. ఈలోగా వీతో లేచి కుండని ఒక్క తన్ను తన్నాడు. అది రాతినేల మీద పగిలింది. సలసల కాగే పులుసు మేలా కాళ్ళ మీద పడి తోలు ఊడొచ్చింది. ఆమె కేక పెట్టింది గాని కదల్లేదు. వాడు తుపాకీ మడమతో ఆమె నోటి మీద కొట్టాడు. పన్ను ఊడి నేల మీద పడింది.

"నీ కొడుకు దగ్గరికే పోతున్నా. ఏమన్నా చెప్పాలా?"

అస్సుంత మోకాళ్ళ మీద పడి, పెంకుల మధ్యనుంచి పిడికెడు తీసి నోట్లో కుక్కుకుంది.

వీతో తుపాకీ పారేసి తల్లి మీదికి దూకాడు. "ఉమ్మెయ్యవే. ఉమ్మెయ్యి." జుట్టు పట్టి తల వెనక్కి వంచి, నోట్లోకి వేళ్ళు దూర్చాడు. ఆమె కొరికింది. పళ్ళు ఎముకకి తగిలాయి. వాడు అరుస్తూ రెండో చేత్తో కణత మీద గుద్దాడు, మళ్ళీ గుద్దాడు. కొడుకు రక్తం, శనగలు, మన్ను అన్నీ కలిపి మింగేదాకా ఆమె పట్టు వదల్లేదు. ఆ తర్వాత నోరు తెరిచి అందరికీ చూపించింది.

"తినేసింది," అంది తెరేజా, గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంటూ.

మేలా ఆమె పాదాల మీద తల ఆనించబోయింది. అస్సుంత కాలు లాక్కుంది.

"లేచి పో. ఇంకోసారి నా ఎదట పడ్డావంటే నీ గొంతు కొరుకుతాను."

తుపాకీ నేల మీదే ఉంది. వీతో దాన్ని ముట్టుకోలేదు. రక్తం కారుతున్న చేతిని చంకలో నొక్కుకుని తల్లి వంక చూశాడు. "పిడికెడు శనగలకి నాన్నని అమ్మేశావు," అని మెట్లు దిగి కింది కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ పైకి రాలేదు. రెండు వేళ్ళు మడతపడవు, అయినా తన కూడు తనే వండుకుంటాడు. అస్సుంత రోజూ పళ్ళెం తెచ్చి మెట్టు మీద పెడుతుంది. అందులోది కుక్క తింటుంది. ఆమె కుక్కని అదిలించదు, అక్కడే కూర్చుని, కింద వాడు కంచరగాడిదని తిడుతుంటే చెవి ఒగ్గి వింటుంది.