అందరి ఫోన్లలో రాజమ్మ గొంతు

రాజమ్మ ప్రార్థన చేస్తే వినేవాళ్ళకి కళ్ళు చెమర్చేవి. గొంతు అలాంటిది, పద్ధతీ అలాంటిదే. అందరిలా గంపగుత్తగా అడిగి ఊరుకోదు. ఫలానా ఇంట్లో ఫలానా మనిషి, ఏ ఊరి డాక్టరు ఏ మాత్ర రాశాడో కూడా దేవుడికి విప్పి చెప్పాల్సిందే.

"పేరూ ఊరూ చెప్పకపోతే ఎవరికని ఇస్తాడమ్మా ఆయన మాత్రం?" అనేది.

తమ్ముడు కొనిచ్చిన ఫోను చేతికొచ్చాక ఆ గొంతు బందరులో ఆ వీధి దాటింది. నాగాయలంకలో ఉన్న చెల్లెలి ముఖం రోజూ కనబడుతోంది. మొన్న వానల్లో కృష్ణకు వరదొస్తే, నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో చెల్లెలు చూపిస్తుంటే ఇక్కడ కూర్చుని చూసింది. గ్యాసుబండ కోసం ఎవరినీ బతిమాలే పని లేదు. అక్షరాలు ఒత్తడం ఆలస్యమని మైకు బొమ్మ నొక్కి మాట్లాడటం నేర్చుకుంది. అదొక్కటి వచ్చాక ఇక ఆమెను పట్టుకునేవాళ్ళు లేరు.

ఎదురింటి హరిబాబు బడి ఆటో తోలతాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు. బందరులో అయితే ఎవరి కంటనైనా పడతానని గుడివాడ వెళ్ళి, తాగుడు మానిపించే డాక్టరుకి చూపించుకుంటున్నాడు. ఈ సంగతి అతని భార్య స్వర్ణలత రాజమ్మ ఒక్కదానికే చెప్పుకుంది. వంటింటి గుమ్మంలో కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ చెప్పుకుంది.

అప్పటినుంచీ రోజూ పొద్దున్నే రాజమ్మ ఒక ప్రార్థన వాయిస్ స్వర్ణలతకు పంపుతుంది. హరిబాబు ఆటోలో కూర్చుని అది విని, ఆ తరువాతే తాళం తిప్పుతాడు.

"అత్తయ్యగారి గొంతు చెవిలో పడితే సాయంత్రం దాకా కాస్త భయంగా ఉంటుంది లెండి," అని నవ్వేవాడు.

ఆ సోమవారం రాజమ్మ ప్రార్థన ఎప్పటికంటే పొడుగైంది. శనివారం సాయంత్రం హరిబాబు మళ్ళీ తాగొచ్చాడని స్వర్ణలత చెప్పింది. ఆ బాధంతా గొంతులోకి వచ్చింది. ఫోనులో స్వర్ణలత పేరు ఎప్పుడూ అన్నిటికంటే పైన ఉంటుంది. పేరు చదవకుండా చోటు చూసుకుని నొక్కడమే రాజమ్మకు అలవాటు. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు సంఘం గ్రూపులో ఆనాటి వాక్యం పెట్టారు. గ్రూపు ఎగిరి పైకొచ్చి కూర్చుంది. రాజమ్మ వేలు దాని మీదే పడింది.

పంపాక చూసుకుంది. తీసేద్దామని వాయిస్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఏవో వరసలు వచ్చాయి. ఒకదాంట్లో 'అందరికీ' అన్న మాట కనబడేసరికి, అది నొక్కితే మళ్ళీ అందరికీ వెళ్తుందేమోనని హడలి, దాని కింద ఉన్నది నొక్కేసింది. వాయిస్ మాయమైంది.

హమ్మయ్య అనుకుంది. స్వర్ణలతకు మళ్ళీ ఇంకోటి చెప్పి పంపింది. కాసేపటికి గ్రూపులో ఆమేన్‌లూ, జోడించిన చేతుల బొమ్మలూ వరసగా పడ్డాయి. పాస్టరుగారి వాక్యానికనుకుని తనూ ఒక ఆమేన్ పెట్టింది.

జరిగింది స్వర్ణలతకు చెప్పాలా అని ఆలోచించింది. ఎవరూ వినకముందే తీసేశాను కదా, చెప్పి ఆ పిల్లను హడలగొట్టడం దేనికి అని సర్దిచెప్పుకుంది. అసలు కారణం అది కాదు. నమ్మి చెప్పిన మాటను చేజార్చానంటే ఆ పిల్ల కళ్ళలో తను ఏమైపోతుందోనని భయం.

మర్నాటినుంచీ ఆటో బోసిగా కనబడింది. ఎప్పుడూ సంచులు బయటికి వేలాడుతూ కిక్కిరిసి వెళ్ళే ఆటోలో ఇద్దరో ముగ్గురో పిల్లలు. రాజమ్మ అరుగు మీదనుంచే అడిగింది.

"ఏమే స్వర్ణా, పిల్లలకేమైనా జ్వరాలా?"

స్వర్ణలత చేతిలో చీపురు ఆగింది. "అయ్యుంటాయి పిన్నీ," అని లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం చేపలామె గంప దింపింది. వీధి చివర ఇంటి నాగమల్లేశ్వరి కూడా వచ్చింది. వాళ్ళ అలేఖ్య ఆ ఆటోలోనే బడికి వెళ్తుంది. రాజమ్మను చూడగానే ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మీ మేలు మర్చిపోలేం రాజమ్మగారూ. మీరు నోరు విప్పబట్టి బతికిపోయాం. ఆ రోజే మా పిల్లని ఆటో మానిపించాం."

"నేనేం విప్పానమ్మా?"

"అదేంటండీ, మీ ప్రార్థన! మా పక్కింటి ప్రీతి మీ సంఘం గ్రూపులోంచి పంపింది. నేను మా బడి తల్లుల గ్రూపులో పెట్టాను. అందరూ అదే మాట, ఎంత మంచావిడో అని."

నాగమల్లేశ్వరి ఫోను తీసి నొక్కింది. చేపల గంప మీదుగా రాజమ్మ గొంతు వినబడింది.

"... నీ బిడ్డ హరిబాబు శనివారం సాయంత్రం మళ్ళీ కాలు జారాడు తండ్రీ. గుడివాడ డాక్టరుగారిచ్చిన మాత్రలు మింగకుండా పరుపు కింద దాచాడు తండ్రీ. వాంతి చేసుకుంటే స్వర్ణలత చేతులతో ఎత్తిపోసింది తండ్రీ..."

"అబ్బ, పాట పాడినట్టే ఉందమ్మా," అంది చేపలామె.

తన గొంతు బయటినుంచి వినడం రాజమ్మకి అదే మొదలు. 'తండ్రీ' అన్న ప్రతిచోటా గొంతు కొంచెం సాగుతోంది. వాంతి దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, వినేవాళ్ళకు గుచ్చుకునేలా చెబుతోంది. ఏడుస్తున్న మనిషి అలా చెప్పదు. చెప్పడం బాగా వచ్చిన మనిషి అలా చెబుతుంది. ఇన్నాళ్ళూ దేవుడు వింటున్నాడనుకుంది. వింటూ మురిసిపోయింది తనే.

"ఆపమ్మా," అంది. ఆమె ఆపేలోపు ప్రార్థన ఆమేన్ దాకా వెళ్ళింది.

చేపలు తీసుకోకుండానే ఎదురింటికి వెళ్ళింది. హరిబాబు ఆటో కడుగుతున్నాడు. స్వర్ణలత బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. కూర్చోమని ఇద్దరూ అనలేదు.

"ఆ వాయిస్ నాదే నాయనా," అంది రాజమ్మ.

"తెలుసండీ. గ్రూపులో నేనూ ఉన్నాగా," అన్నాడు హరిబాబు, గుడ్డ పిండుతూ.

"తీసేశాననుకున్నాను."

"మీ ఫోన్లోంచి తీసేశారు. మిగతా అందరి దగ్గరా ఉంది."

స్వర్ణలత అప్పుడు నోరు తెరిచింది. "మీరే వచ్చి చెబుతారని చూశాం పిన్నీ. రాలేదు. పైగా పిల్లలకి జ్వరాలా అని అడిగారు. వెక్కిరిస్తున్నారేమో అనుకున్నా."

రాజమ్మ చేతులు అడ్డంగా ఊపింది. "కాదే తల్లీ. అందరికీ తెలిసిపోయిందని నాకు తెలియదు. తప్పు పంపానని మాత్రం తెలుసు. తెలిసీ మీ దగ్గర దాచాను." మళ్ళీ తనే, "అది మన హరిబాబు గురించి కాదు, ఇంకో హరిబాబని గ్రూపులో చెప్తాను," అంది.

"ప్రార్థనలో అబద్ధాలాడారని చెప్తారా అత్తయ్యగారూ?" అన్నాడు హరిబాబు. కోపంగా కూడా అనలేదు. "వాళ్ళ భయం వాళ్ళది. నేను తాగలేదా? తాగాను. కానీ ఆటో తోలేటప్పుడు ఎన్నడూ ముట్టలేదు. ఆ మాట మీరు దేవుడికి చెప్పలేదు."

నిజమే, చెప్పలేదు. తాగిన సంగతికి గొంతు వణికినట్టు ఆ సంగతికి వణకదు.

"మళ్ళీ తాగావా నాయనా?"

"నిన్న కొట్టు దాకా వెళ్ళాను. తిరిగొచ్చాను. రేపు కూడా తిరిగొస్తానని చెప్పలేను. ఆటో ఖాళీగా తోలుతుంటే కాళ్ళు అటే లాగుతున్నాయి."

రాజమ్మ ఆటో రేకు పట్టుకుని నిలబడింది. "రేపట్నుంచి పిల్లలతో పాటు నేనూ ఎక్కుతాను. బడి దాకా వస్తాను, సాయంత్రం కూడా. నా మాట విని మానిపించారు. నన్ను అందులో చూస్తే పంపుతారేమో."

"అంటే నాకు కాపలానా?"

"కాపలానే. కాదని ఇంకో అబద్ధం ఎందుకు?"

హరిబాబు చాలాసేపు అద్దం తుడిచాడు. "వీధంతా నవ్వుతారండీ," అన్నాడు.

"నవ్వనీ."

స్వర్ణలత బకెట్టులో నీళ్ళు కాలవలో పారబోసింది. "రండి. కానీ పొద్దున్న వాయిస్ మాత్రం ఇక పెట్టకండి పిన్నీ. ఈయన వినలేరు," అంది.

మర్నాడు రాజమ్మ స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని ఆటో ఎక్కింది. ఉన్న ఇద్దరు పిల్లలూ సర్దుకుని చోటిచ్చారు. "మామ్మగారూ, మీది ఏ క్లాసు?" అని ఒకడు కిసుక్కున నవ్వాడు. హరిబాబు ముందుకే చూస్తూ తాళం తిప్పాడు.

అరుగుల మీద చీపుర్లు ఆగాయి. మొన్నటిదాకా తనను చూసి చేతులు జోడించిన ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటున్నారు. రాజమ్మ చెయ్యి దానంతటదే కొంగు మీదికి వెళ్ళింది, ముఖం మీదికి లాక్కుందామని.

వీధి చివర నాగమల్లేశ్వరి, అలేఖ్య చెయ్యి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. హరిబాబు బండి నెమ్మది చేశాడు గానీ ఆపలేదు. ఆపమని ఆమె అనలేదు. వంగి, ఆటోలో ఎవరున్నారా అని చూసింది.

ముఖం కప్పుకుంటే ఎవరో తెలియదు. రాజమ్మ కొంగు వదిలేసి, ఆమె చూసినంతసేపూ తల ఎత్తే కూర్చుంది.