వీ బదులు డబ్ల్యూ

యోగేశ్వరి ఉండేది మలేషియాలో. మొగుడు పినాంగ్‌లో, ఉద్యోగం సుంగై పెటానిలో. పెళ్లయి రెండేళ్లు దాటినా కాపురం మాత్రం శనాదివారాలదే!

రోగికి ఏ మందు ఎంత ఇవ్వాలో ఆస్పత్రులకు చెప్పే సాఫ్ట్‌వేర్ వాళ్ల కంపెనీది. ఏ చిన్న మార్పు చేసినా పరీక్షలన్నీ మళ్లీ నడపాలి, ఆరు గంటలు పడిగాపులు పడాలి. అందులోని ప్రతి ముక్కకీ, అంటే ప్యాకేజీకీ, అది ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాసిందో చీటీ తగిలిస్తే, ఆ భాషకు కావలసిన పరీక్షలే నడుస్తాయి. ఆ చాకిరీ యోగేశ్వరి నెత్తిన పడింది.

“పరీక్షలు గంటలోపు తెచ్చీ లా, నిన్ను పినాంగ్ ఆఫీసుకి పంపించీత్తాను,” అన్నాడు మేనేజర్ సూరిబాబు, అక్కడివాళ్లలా మాట చివర ‘లా’ తగిలిస్తూ.

మూడు నెలలు నడుం విరిగేలా కూర్చుని తొమ్మిది వందల చీటీలు రాసింది. పరీక్షలు నలభై నిమిషాలకు దిగాయి. తెర నిండా పచ్చ టిక్కులే! అక్కడ పినాంగ్‌లో మొగుడు ప్రేమ్‌నాథ్ ఇద్దరికీ సరిపడా ఇల్లు అద్దెకు తీసేసుకున్నాడు, పిచ్చిమారాజు.

బుధవారం మధ్యాహ్నం చీటీల పట్టిక ఊరికే తిరగేస్తుంటే ఒకటి కంటబడింది. జావా అన్న ప్రోగ్రామింగ్ భాష పేరులో వీ ఉండాల్సిన చోట డబ్ల్యూ! ఒకటా రెండా, రెండు వందల పద్నాలుగు. మలయ్‌లో జావా దీవిని డబ్ల్యూతోనే రాస్తారు. బడినాటి నుంచీ అలవాటైన చెయ్యి అలాగే రాసిపారేసింది. ఆ పేరుగల భాష పరీక్షలు నడిపే మిషన్‌కు తెలియదు. తెలియనివాటిని పరీక్షించకుండానే పచ్చ టిక్కు పెట్టేసింది. శుక్రవారం ఇది ఆస్పత్రులకు వెళ్లిపోతుంది.

నోరు మూసుకుంటే పినాంగ్. ఏ పసిబిడ్డకో మందు ఎక్కువైతే? ఛీ, తిన్న అన్నం అరుగుతుందా! రెండుసార్లు లేచి మళ్లీ కూలబడింది. చివరికి అవన్నీ దిద్ది, పరీక్షలు మళ్లీ నడిపి, పొద్దుగూకాక వెళ్లి సూరిబాబుకి చెప్పేసింది.

“నానే తప్పు రాసినానన్నా. దిద్ది మల్లీ నడిపినాను. నాలుగు గంటలు పట్టినాది, పదకొండు తప్పులు బయటపడినాయి.”

సూరిబాబు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“సెప్పి మంచిపని సేసినావమ్మా. ఈ సీటీల గోల నీకు తప్ప ఎవులికి తెలుసు? నువ్వెల్లిపోతే మాకు దిక్కేటి? పినాంగ్ మాట మర్సిపో లా. ఇయాల్టి నుంచి టీముకి నువ్వే పెద్ద.”

మెట్ల దగ్గరికి రాగానే ప్రేమ్‌నాథ్ ఫోన్.

“యోగీ, బీరువా వచ్చినాది. ఏ గదిలో ఎట్టమంటావు? మోసినోళ్లు నిలబడిపోయినారు.”

గోడకు ఆనుకుని మెట్టు మీద కూర్చుంది.

“అందులో ఉండేవి మీ బట్టలే కదా,” అంది, “మీకేది దగ్గరైతే అక్కడ ఎట్టించీయండి.”