మంచు అంచున నల్లమచ్చ

కాడ్ చేపకి పొలుసు తీస్తోందన్న మాటేగానీ గున్వోర్ మనసు అక్కడ లేదు. పొద్దున కొట్లో పైలట్ రాన్‌వైగ్ కనబడి, "నిన్నటి బొమ్మలో ఆ నల్లమచ్చేంటే? మీ ఆయన స్టైనార్‌ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు" అంది.

నిన్న వాతావరణం బాగోలేక విమానమే ఎగరలేదని కదా స్టైనార్ చెప్పాడు!

విమానానికి కట్టిన రాడార్ మబ్బుల్లోంచి కూడా మంచుసముద్రాన్ని బొమ్మ తీస్తుంది. దాన్ని చదవడం గున్వోర్, స్టైనార్ ఇద్దరూ ఒకే తరగతిలో నేర్చుకున్నారు. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానింది ఆమె. "ఇంట్లోనే ఉంటావుగా, కాస్త చూసిపెట్టు" అంటూ అతను ఏళ్ళ తరబడి ల్యాప్‌టాప్ తెచ్చి వంటబల్ల మీద పెడుతూనే ఉన్నాడు. చదివేది ఆమె, రిపోర్టు రాసేది ఆమె, సంతకం అతనిది. అత్తగారు బోర్‌హిల్‌కి అదీ పనిలా ఆనదు. "వాడు చాకిరీ చేసొస్తే నువ్వు బొమ్మలు చూస్తూ కూర్చుంటావు" అంటుంది.

మరి నిన్న ఎందుకు తేలేదు? ఫోన్ మోగితే మంచులోకి వెళ్ళి మరీ మాట్లాడటం, అన్నం దగ్గర బంగాళాదుంపలు కెలికి లేవడం, అడగని కాఫీ కలిపివ్వడం. ఆ కాఫీయే ఆమెకి మరీ అనుమానంగా ఉంది.

అతను రాగానే అంది: "బొమ్మ చూపించు."

"ఏ బొమ్మ?"

"నిన్న రాన్‌వైగ్ విమానం తీసిన బొమ్మ."

అతని ముఖం పాలిపోయింది. ల్యాప్‌టాప్ తెరిచాడు. అతను పనిచేసే కంపెనీ చమురుబావి దగ్గర మొదలై మంచు అంచు దాకా నల్లటి చార. నూనె పరుచుకున్నచోట అలలు అణిగిపోతాయి, రాడార్‌కి నల్లగా కనిపిస్తుంది.

"కొత్తమంచు. అదీ నల్లగానే పడుతుంది" అన్నాడు.

"కొత్తమంచు బావిలోంచి పుట్టదు స్టైనార్. నీకూ తెలుసు."

"తెలుసు కాబట్టే నీకు చూపించలేదు. బావి మూయిస్తే నన్ను కొలువులో ఎవడుంచుతాడు?"

బోర్‌హిల్ అల్లుతున్న మేజోడు పక్కన పెట్టింది. "మొగుణ్ణి బజారుకీడుస్తావా ఏంటి?"

గున్వోర్ చేతులు కడుక్కుని, తీరరక్షణవాళ్ళకి ఫోన్ చేసి, నూనె ఎక్కడుందో చెప్పి పెట్టేసింది.

మర్నాడు వాళ్ళ విమానం వెళ్ళి చూసింది. నూనే. బావి మూయించారు. మధ్యాహ్నం అందరూ తింటుండగా తీరరక్షణ అధికారే ఫోన్ చేస్తే గున్వోర్ స్పీకర్‌లో పెట్టింది. "మీ ఆయనకి మా ధన్యవాదాలు చెప్పండమ్మా. ఏం చూపండీ ఆయనది!"

బల్లకి అటువైపు నుంచి స్టైనార్ ఆత్రంగా సైగ చేశాడు, సరే అనమని.

"ఆ చూపు నాదండీ" అంది గున్వోర్. "ఆయన దాచిపెట్టాడు."